టీకి ఆగితే మొరాయించే కారు: సెల్ఫ్ కొట్టే ముందు వాసన చూడండి

ప్రశ్న: మాది బల్లార్‌పూర్. నాన్నగారు పేపర్ మిల్లులో పనిచేసి రిటైరయ్యారు. ఆయన 1996లో కొన్న మారుతి 800 ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. కార్బొరేటర్ మోడల్. చలికాలంలో ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుతుంది. ఎండలు ముదిరాయంటే మాత్రం ఏడిపిస్తుంది. నాన్నను డాక్టరుకు చూపించడానికి చంద్రపూర్ తీసుకెళ్తుంటాను. మా అత్తగారిల్లు మంచిర్యాల. రాజూరా, వాంకిడి, ఆసిఫాబాద్ మీదుగా వెళ్తాం. దారిలో టీకి ఆగి, ఇరవై నిమిషాల తర్వాత తాళం తిప్పితే సెల్ఫ్ తిరుగుతుంది కానీ బండి అందుకోదు. ఆపిన వెంటనే కొడితే స్టార్ట్ అవుతుంది. గంటన్నర ఆగినా అవుతుంది. బ్యాటరీ, కాయిల్, ప్లగ్గులు అన్నీ మార్చాం. ఒక మిస్త్రీ ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు పెట్టించమంటున్నాడు. ఇంకొకాయన తెలంగాణ వైపు పోయించిన పెట్రోలు వల్లే ఇదంతా అంటున్నాడు. మా ఆయన అమ్మేద్దామంటున్నారు. ముసలాయనతో ఎండలో రోడ్డు మీద నిలబడిపోతామేమో అని ప్రతిసారీ టెన్షన్. ఏం చేయమంటారు?
- బల్లార్‌పూర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, అమ్మే ఆలోచన కొన్నాళ్ళు పక్కన పెట్టండి. సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. వెంటనే స్టార్ట్ అవుతుంది, గంటన్నరకు అవుతుంది, మధ్యలో ఇరవై నిమిషాలకు మాత్రం కాదు. బ్యాటరీ నీరసపడితే ఇలా వేళ చూసుకుని మొరాయించదు. అది ముందుగా చలికాలం పొద్దున్నే చేతులెత్తేస్తుంది. ప్లగ్గులు పాడైతే నడిచేటప్పుడు కూడా మిస్సింగ్ కొడుతుంది. మీ బండికి నడిచేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు, ఆగాకే వస్తోంది. కాబట్టి బండి ఆగిన తర్వాత బానెట్ కింద ఏం జరుగుతోందో చూడాలి.

ఇంజన్ నడుస్తున్నంతసేపూ దాని వేడిని నీళ్ళు రేడియేటర్‌కు మోసుకుపోతాయి. ఎదురుగాలి బానెట్ కింద ఉన్న వేడిగాలిని బయటికి తోస్తుంది. కార్బొరేటర్ అంటే పెట్రోలునూ గాలినీ కలిపి ఇంజన్‌కు అందించే భాగం. దానికి ఇంకో మేలు కూడా జరుగుతుంది. దాని గొంతులో, అంటే గాలి పోయే గొట్టంలో, పెట్రోలు ఆవిరవుతూ చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది. అందుకే నడిచే బండిలో కార్బొరేటర్ ఒళ్ళు ఇంజన్ కంటే చాలా చల్లగా ఉంటుంది. తాళం తిప్పి ఆపగానే ఇవన్నీ ఒక్కసారిగా ఆగిపోతాయి. నీళ్ళ పంపు తిరగదు, గాలి రాదు, ట్యాంకు నుంచి కొత్త పెట్రోలు రాదు. ఇంజన్ దిమ్మలో, పొగ బయటికి పోయే సైలెన్సర్ మానిఫోల్డ్‌లో నిలవ ఉన్న వేడి మాత్రం ఎక్కడికీ పోలేదు. అది మెల్లగా పక్కనున్న కార్బొరేటర్‌కు, పెట్రోలు పంపుకు, రబ్బరు పైపులకు ఎక్కుతుంది. ఇలా బండి ఆగిన పది నిమిషాల నుంచి అరగంట దాకా కార్బొరేటర్ ఇంకా ఇంకా వేడెక్కి, ఆ తర్వాతే చల్లారడం మొదలవుతుంది. మీరు వెంటనే కొట్టినప్పుడు ఆ వేడి ఇంకా ఎక్కలేదు. గంటన్నరకు దిగిపోయింది. టీ తాగి వచ్చే వేళకు సరిగ్గా అది పైస్థాయిలో ఉంది.

పెట్రోలు నీళ్ళలాగా ఒకే వేడి దగ్గర మరిగేది కాదు. రకరకాల హైడ్రోకార్బన్ల కలగలుపు అది. తేలిక భాగం 35, 40 డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మొదలుపెడుతుంది. బరువైన భాగం 200 డిగ్రీల దాకా నిలుస్తుంది. ఆ తేలిక భాగం ఉండబట్టే డిసెంబరు పొద్దున మీ బండి ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది. మే నెలలో కష్టం తెచ్చేదీ అదే. చంద్రపూర్ జిల్లాలో నీడలోనే 45 డిగ్రీలు దాటడం దాదాపు ఏటా చూస్తున్నదే. ఇంజన్ నీళ్ళేమో 90 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. ఈ రెండింటి మధ్య చిక్కుకున్న ఫ్లోట్ చాంబర్‌లోని (కార్బొరేటర్‌లో పెట్రోలు నిలవుండే చిన్న గిన్నె) కాస్త పెట్రోలు 60, 70 డిగ్రీలకు చేరితే మరగక ఏం చేస్తుంది? మనం రోహిణి కార్తె అనీ, మీ పక్కవాళ్ళు నవతపా అనీ చెప్పుకునే ఆ రోజుల్లో, అన్నీ బాగున్న కార్బొరేటర్ బండి కూడా కొంత తడబడుతుంది. అది బండి చెడిపోయినట్టు కాదు. అయితే ప్రతిసారీ పూర్తిగా నిలబడిపోతోందంటే, వేడిని ఆపడానికి కంపెనీ పెట్టిన ఏర్పాట్లలో ఏదో ఒకటి పోయినట్టు.

ఇక అసలు సంగతి. బయటికి ఒకేలా కనిపించే ఈ ఇబ్బంది వెనక రెండు వేరువేరు జబ్బులు ఉంటాయి. వాటి వైద్యాలు ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. ఒకదానికి చేయాల్సింది ఇంకోదానికి చేస్తే బండి మరింత మొండికేస్తుంది.

మొదటిది ఓవర్‌ఫ్లో. ఫ్లోట్ చాంబర్‌లో పెట్రోలు మరిగితే పొయ్యి మీద పాలు పొంగినట్టు పొంగుతుంది. ఆవిరి బుడగలు ఆ పెట్రోలును మెయిన్ జెట్ (పెట్రోలు పోయే సన్నని రంధ్రం) దారిలో నెట్టుకొచ్చి కార్బొరేటర్ గొంతులో కార్చేస్తాయి. ఇంజన్ ఆగి ఉంది కాబట్టి దాన్ని పీల్చేదేమీ లేదు. అదంతా ఇంజన్‌లోకి పోయే గొట్టంలో, అంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో మడుగు కడుతుంది, ఆవిరి ఎయిర్ క్లీనర్ నిండా నిలుస్తుంది. దీనికి తోడు, పంపుకూ కార్బొరేటర్‌కూ మధ్య పైపులో ఉన్న పెట్రోలు కూడా వేడికి వ్యాకోచించి, చాంబర్ నిండగానే పెట్రోలు దారి మూసే నీడిల్ వాల్వును తోసుకుని ఇంకాస్త చాంబర్‌లోకి దిగుతుంది. బరువు లెక్కన ఒక వంతు పెట్రోలు సరిగా కాలాలంటే 14.7 వంతుల గాలి కావాలి. ఇక్కడ పెట్రోలు అంతకు ఎన్నో రెట్లు ఎక్కువైపోయింది. స్పార్క్ బాగానే పడుతుంది, కానీ అంటుకోదు. కాసేపటికి ప్లగ్గులు తడిసిపోతాయి. మీ మిస్త్రీ ప్లగ్గులు ఊడదీసి చూసి, నల్లగా తడిగా కనిపిస్తే ప్లగ్గులే పాడయ్యాయనుకుని ఉంటాడు.

రెండోది పంపులో, పైపులో ఆవిరి చిక్కుకోవడం. మిస్త్రీలు దీన్ని ఎయిర్ లాక్ అనేస్తారు. మెకానికల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది కాబట్టి ఇంజన్ వేడంతా దానికి ఎక్కుతుంది. లోపలి డయాఫ్రమ్ (రబ్బరు పొర) ఆడుతూ, ఎక్కడో వెనకున్న ట్యాంకు నుంచి పెట్రోలును లాగుతుంది. లాగడమంటే పైపులో ఒత్తిడి తగ్గడమే. ఒత్తిడి తగ్గితే ఏ ద్రవమైనా ఇంకా తక్కువ వేడికే మరుగుతుంది. అందువల్ల ఆవిరి ముందుగా పుట్టేది ట్యాంకుకూ పంపుకూ మధ్య, పంపుకు దగ్గరగా వచ్చే పైపులోనే. ఆ ఆవిరి పంపు లోపలికి వచ్చిందంటే, పంపు ఎంత ఆడినా ఆవిరి కుంచించుకుంటూ, మళ్ళీ విచ్చుకుంటూ ఉంటుంది. పెట్రోలు మాత్రం ముందుకు కదలదు. ఈ జబ్బు ఉన్న బండి చాలాసార్లు స్టార్ట్ అయిపోతుంది. చాంబర్‌లో మిగిలిన పెట్రోలుతో వంద, రెండు వందల అడుగులు పోయి, గుక్క తిప్పుకోలేనట్టు ఆగిపోతుంది. ఇక చాంబర్‌లో ఉన్నదంతా ముందే మరిగిపోయి ఖాళీ అయితే, సెల్ఫ్ ఎంత తిప్పినా ఉలుకూ పలుకూ ఉండదు.

ఏ జబ్బో ఎలా తెలుస్తుంది? ముక్కుతో. ఈసారి బండి మొండికేస్తే రెండోసారి సెల్ఫ్ కొట్టకుండా దిగి బానెట్ ఎత్తండి. పెట్రోలు వాసన గుప్పున కొడితే ఓవర్‌ఫ్లో. వాసన లేకపోయినా, చాలా తక్కువగా ఉన్నా, పెట్రోలు అందడం లేదు. ఇంకా గట్టిగా తేల్చుకోవాలంటే తాళం ఆఫ్‌లో ఉంచి, ఎయిర్ క్లీనర్ మూత తీసి, కార్బొరేటర్ గొంతులోకి వెలుతురు పడేలా చూస్తూ ఎక్సలేటర్ లీవర్‌ను చేత్తో ఒక్కసారి కదిలించండి. సన్నటి ధార చిమ్మితే చాంబర్‌లో పెట్రోలు ఉన్నట్టు. ఏమీ రాకపోతే ఖాళీ. లీవర్ ముట్టుకోకముందే గొంతులో పెట్రోలు కారుతూ కనిపిస్తే ఇంక అనుమానమే లేదు. కొన్ని కార్బొరేటర్లకు ఫ్లోట్ చాంబర్ పక్కన చిన్న అద్దం ఉంటుంది, పెట్రోలు మట్టం అందులోనే కనిపిస్తుంది. ఈ పని చేసేటప్పుడు చుట్టుపక్కల బీడీ, సిగరెట్ లేకుండా చూసుకోండి. టీ కొట్టు పొయ్యికి పది అడుగుల్లో బండి ఉంటే ముందు పక్కకు తోయించి అప్పుడు మూత తీయండి.

వాసన గుప్పుమంటే చోక్ జోలికి అసలు పోవద్దు. చోక్ గాలిని మూస్తుంది. మీకు కావాల్సిందే గాలి. ఎక్సలేటర్‌ను పదేపదే కొట్టడం కూడా వద్దు. తొక్కిన ప్రతిసారీ కార్బొరేటర్‌లోని చిన్న పంపు ఇంకో ధార చిమ్మి, ఉన్న మడుగును పెంచుతుంది. చాలామంది కంగారులో చేసేది ఇదే. పెడల్‌ను నెమ్మదిగా చివరిదాకా తొక్కి, అలాగే అదిమి పట్టుకుని, ఏడెనిమిది సెకన్లు సెల్ఫ్ కొట్టండి. గొంతు పూర్తిగా తెరుచుకుని గాలి ధారాళంగా లోపలికి పోతుంది, మడుగును ఊడ్చుకుపోతుంది. మొదట తడబడుతూ, నల్లపొగ కక్కుతూ అందుకుంటుంది. అందుకోగానే పెడల్ ఒక్కసారిగా వదిలేయకుండా మెల్లగా పైకి రానివ్వండి. మొదటిసారి కాకపోతే అర నిమిషం ఆగి, అదే పద్ధతిలో మళ్ళీ కొట్టండి.

వాసన లేదంటే తొందర పనికిరాదు. బానెట్ ఎత్తి ఉంచి పది, పదిహేను నిమిషాలు గాలి తగలనివ్వండి. గుడ్డ తడిపి, పిండి, పెట్రోలు పంపు మీదా, వెనక నుంచి దానిలోకి వచ్చే పైపు మీదా కప్పండి. ఆరగానే మళ్ళీ తడపండి. సీసాతో నీళ్ళు గుమ్మరించవద్దు. కాలిన పోత ఇనుప మానిఫోల్డ్ మీద చన్నీళ్ళు పడితే పగలొచ్చు. ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ తడిస్తే అప్పటిదాకా బాగున్న స్పార్క్ కూడా పోతుంది. ఆ తర్వాత పది సెకన్లు సెల్ఫ్, అర నిమిషం విరామం చొప్పున కొట్టండి. ఖాళీ అయిన చాంబర్‌ను పంపు నింపాలి కదా, దానికి కొంత సమయం ఇవ్వాలి. సెల్ఫ్ మోటారు కూడా ఊపిరి పీల్చుకుంటుంది. కొన్ని పాత పంపులకు చేత్తో ఆడించే చిన్న లీవర్ ఉంటుంది. మీ దానికి ఉంటే దాన్ని ఆడించి చాంబర్ నింపుకోవచ్చు, బ్యాటరీ కలిసొస్తుంది. స్టార్ట్ అయ్యాక వెంటనే రోడ్డెక్కకండి. అర నిమిషం, నిమిషం పాటు ఐడ్లింగ్ (ఎక్సలేటర్ తొక్కనప్పుడు ఇంజన్ తిరిగే స్పీడు) కంటే కాస్త ఎక్కువ స్పీడులో ఉంచితే ట్యాంకులోని చల్లటి పెట్రోలు పంపు దాకా వచ్చి లోపలి ఆవిరిని తోసేస్తుంది.

ఒక్క పని మాత్రం ఎవరు చెప్పినా, ఎంత అనుభవం ఉన్న మిస్త్రీ చెప్పినా చేయనివ్వకండి. సీసా మూతతో పెట్రోలు తెచ్చి కార్బొరేటర్ గొంతులో పోస్తూ ఇంకొకరిని సెల్ఫ్ కొట్టమనడం మన రోడ్ల మీద మామూలైపోయింది. ఇంజన్ వెనక్కి మంట కొట్టిందంటే ఆ మంట పోసేవాడి చేతిలోకీ ముఖం మీదికీ వస్తుంది. చేతిలో ఉన్నది పెట్రోలు సీసా. నాన్నగారు లోపల కూర్చుని ఉంటారు. వేడి మీద ఉన్న ఇంజన్ దగ్గర ఈ పని చేస్తే మనిషి ప్రాణానికి ప్రమాదం. పది నిమిషాలు ఎండలో ఎక్కువ నిలబడినా ఫరవాలేదు, ఇది వద్దు.

ఇక శాశ్వతంగా బాగుచేసుకునే సంగతి. కార్బొరేటర్ బండి తయారుచేసిన వాళ్ళకు ఈ వేడి గొడవ తెలియక కాదు. దానికి కావాల్సిన ఏర్పాట్లు పెట్టే ఇచ్చారు. ఇన్నేళ్ళలో ఎన్నోసార్లు విప్పి బిగించడంలో అవి ఒక్కొక్కటే ఊడిపోతాయి. నాకు అన్నిటికంటే ముందు అనుమానం వచ్చేది కార్బొరేటర్ కింద ఉండే ఇన్సులేటర్ దిమ్మ మీద. ఇది బేకలైట్ లాంటి, వేడి పాకని పదార్థంతో చేసిన మందపాటి ముక్క. మానిఫోల్డ్ వేడి నేరుగా కార్బొరేటర్‌కు ఎక్కకుండా అడ్డుపడుతుంది. అది పగిలితేనో, వంకరపోతేనో, కొత్తది తెప్పించే ఓపిక లేక ఒక పలచటి ప్యాకింగ్ వేసి బిగించేస్తారు. బండి చక్కగానే నడుస్తుంది, వేసవి వచ్చేదాకా ఎవరికీ తెలియదు. మీ కార్బొరేటర్ ఎప్పుడైనా ఓవర్‌హాల్ చేయించారా, ఆ తర్వాతే ఈ బాధ మొదలైందా అని నాన్నగారిని అడిగి చూడండి. ఆ దిమ్మ ఉందో లేదో బయటి నుంచే కనిపిస్తుంది. దానికి తోడుగా ఉండే రేకు కవచం సంగతి కూడా అంతే. తుప్పు పట్టి గలగలమంటుంటే తీసి మూల పడేస్తారు. ఆ రేకు సైలెన్సర్ మానిఫోల్డ్ వేడి పైకి కొట్టకుండా ఆపేది. చప్పుడు చేస్తుంటే బోల్టు మార్చి బిగించాలి కానీ తీసేయకూడదు.

తర్వాత చూడాల్సింది రిటర్న్ పైపు. పంపు దగ్గర సాధారణంగా మూడు పైపులు కనిపిస్తాయి. ఒకటి ట్యాంకు నుంచి వచ్చేది, ఒకటి కార్బొరేటర్‌కు పోయేది, మూడోది కాస్త సన్నగా మళ్ళీ ట్యాంకుకు పోయేది. ఈ మూడోదాని విలువ చాలామందికి తెలియదు. ఇంజన్‌కు కావాల్సిన దానికంటే ఎక్కువ పెట్రోలును పంపు తోడుతుంటే, మిగిలింది వెనక్కి తిరిగి ట్యాంకులో పడుతుంది. అలా పైపులో పెట్రోలు ఎప్పుడూ కదులుతూ చల్లగా ఉంటుంది. పుట్టిన ఆవిరి కూడా అదే దారిలో వెళ్ళిపోతుంది. బండి ఆపాక పైపులో పెరిగిన ఒత్తిడి నీడిల్ మీద పడకుండా అటే దిగిపోతుంది. అంటే నేను చెప్పిన రెండు జబ్బులకూ మందు అదే. అది మూసుకుపోయినా, లీకవుతోందని ఎవరైనా బోల్టుముక్క దోపి మూసేసినా, మీరు రాసిన లక్షణాలన్నీ వస్తాయి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు గ్యారేజీలో ఆ పైపు చివర ఊడదీసి సీసాలో పెట్టి, కాసేపు ఐడ్లింగ్‌లో నడిపి చూడమనండి. ధారగా పడాలి. చుక్క కూడా పడకపోతే సగం పని అక్కడే ఉంది.

కార్బొరేటర్ విప్పినప్పుడు నీడిల్, దాని సీటు అరిగాయేమో, ఫ్లోట్ మట్టం కంపెనీ చెప్పిన చోట ఉందో లేదో చూడమనండి. మట్టం ఒక్క రెండు మిల్లీమీటర్లు ఎక్కువున్నా వేడికి పొంగడం సులువవుతుంది. ఫ్లోట్ చాంబర్‌లో పుట్టిన ఆవిరి బయటికి పోయే సన్నని వెంట్ దారి శుభ్రంగా ఉండాలి. మీ ఊళ్ళో బొగ్గు దుమ్ము సంగతి మీకు చెప్పనక్కరలేదు. ఆ దుమ్ము, నూనె జిడ్డు కలిసి ఇలాంటి దారులను మూసేస్తాయి. రేడియేటర్ రెక్కల మధ్య అదే దుమ్ము పేరుకుంటే ఇంజన్ మొత్తం అవసరానికి మించి వేడెక్కుతుంది. వెనక నుంచి నీళ్ళతో మెల్లగా కడిగిస్తే పోతుంది. ఎక్కువ ఒత్తిడితో కొట్టిస్తే రెక్కలు వంగిపోతాయి. చోక్ కేబుల్ పట్టేసి చోక్ పూర్తిగా తెరుచుకోవడం లేదేమో కూడా చూడాలి. తాళం తీశాక కూడా ఇంజన్ గడగడమని కొట్టుకుని ఆగుతుంటే ఐడిల్ సోలినాయిడ్ (తాళం తీయగానే పెట్రోలు దారి మూసే కరెంటు వాల్వు) పనిచేయడం లేదని అనుకోవచ్చు. అప్పుడు ఆగే ముందే లోపల అనవసరంగా పెట్రోలు చేరుతుంది.

పంపుకు వెనకవైపు, అంటే ట్యాంకు నుంచి వచ్చే దారిలో ఎక్కడ అడ్డు ఉన్నా పంపు మరింత గట్టిగా లాగాలి. గట్టిగా లాగితే పైపులో ఒత్తిడి ఇంకా పడిపోయి, ఆవిరి ఇంకా తొందరగా పుడుతుంది. ముప్పై రూపాయల ఫిల్టరైనా, మూడు వందల ఫిల్టరైనా మూసుకుపోయిందంటే ఎండాకాలంలో ఇలాగే పగ తీర్చుకుంటుంది. దాన్ని మార్చేయండి. ట్యాంకు మూతకు గాలి పోయే దారి ఉండాలి. ఆగిన చోట మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టు. పాత రబ్బరు పైపుల్లో వెంట్రుకవాసి పగులు ఉన్నా పెట్రోలు బయటికి కారకుండానే గాలి లోపలికి దూరుతుంది. కాబట్టి తడి కనిపించలేదని పైపులు బాగున్నాయనుకోవద్దు. అన్ని పైపులూ, క్లాంపులతో సహా, కొత్తవి వేయించండి. వేసేటప్పుడు ఇంజన్ హెడ్‌కూ సైలెన్సర్‌కూ తగలకుండా దూరంగా తిప్పి కట్టించండి.

పైపుల మాట వచ్చింది కాబట్టి పెట్రోలు సంగతి. తెలంగాణ పెట్రోలు వేరు, మహారాష్ట్ర పెట్రోలు వేరు అన్నది సరి కాదు. ఆసిఫాబాద్‌లో పోయించినా, రాజూరాలో పోయించినా దేశమంతటికీ ఉన్న ఒకే ప్రమాణం. ధరలో తేడా పన్నుల వల్ల. మారింది ఇథనాల్. 2022 నాటికి దేశంలో సగటున 10 శాతం కలపడం మొదలైంది. 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం కలిపింది బంకుల్లోకి వచ్చింది. 2025కల్లా అదే అంతటా మామూలైంది. ఇథనాల్ విడిగా 78 డిగ్రీలకు మరుగుతుంది. అయినా పెట్రోలుతో కలిసినప్పుడు, మూల పెట్రోలును సరిచేయకపోతే, మొత్తం మిశ్రమం ఆవిరయ్యే గుణం పెరుగుతుంది. పైగా దానిలో ఆక్సిజన్ ఉంటుంది. కొత్త బండ్లలో కంప్యూటర్ అది గమనించి పెట్రోలు పెంచుకుంటుంది. మీ బండిలో జెట్టు రంధ్రం ఎంత ఉందో అంతే ఇస్తుంది కాబట్టి మిశ్రమం కాస్త పలచబడుతుంది. ఇథనాల్‌కు తట్టుకునేలా చేయని పాత రబ్బరు ఉబ్బుతుంది, మెత్తబడుతుంది, పగులుతుంది. పంపు డయాఫ్రమ్, నీడిల్ కొన, పైపులు మూడూ ఆ కాలపు రబ్బరే అయితే మార్చక తప్పదు. కొనేటప్పుడు ఇథనాల్ పెట్రోలుకు పనికొచ్చేవే కావాలని గట్టిగా అడగండి. ఇథనాల్ తేమను కూడా పీల్చుకుంటుంది. వానాకాలమంతా బండి కదలకుండా ఉంటే ట్యాంకులో పాత పెట్రోలు నిలవ ఉంచకండి. వేసవిలో మాత్రం ట్యాంకు సగానికి తగ్గకుండా చూసుకోండి. రిటర్న్ పైపులో వేడెక్కి తిరిగొచ్చే పెట్రోలు కొంచెం పెట్రోలులో పడితే ట్యాంకంతా తొందరగా వేడెక్కుతుంది.

ఎలక్ట్రిక్ పంపు పెట్టించమన్న మిస్త్రీ మాటలో నిజం లేకపోలేదు. పంపు ట్యాంకు దగ్గర ఉండి ముందుకు తోస్తే పైపంతా ఒత్తిడిలో ఉంటుంది, ఆవిరి పుట్టడం తగ్గుతుంది. ఇంజెక్షన్ బండ్లు ఈ బాధ పెద్దగా పడకపోవడానికి కారణమూ అదే. వాటి పైపుల్లో ఒత్తిడి సుమారు 3 బార్ ఉంటుంది. కానీ కార్బొరేటర్ నీడిల్ తట్టుకునేది అందులో పదో వంతు మాత్రమే. పాత సామాను దుకాణంలో దొరికిన ఇంజెక్షన్ పంపు తెచ్చి తగిలిస్తే పెట్రోలు నీడిల్‌ను తోసుకుని ఇంజన్ మీద వరదలా పడుతుంది. ఇంజన్ ఆగినా, బండి గుద్దుకున్నా పంపు కరెంటు దానంతటదే తెగిపోయే ఏర్పాటు కూడా ఉండాలి. ఇవన్నీ తెలిసి చేసేవాళ్ళు తక్కువ. పైగా ఓవర్‌ఫ్లో మీ జబ్బయితే దీనివల్ల అది పెరుగుతుంది తప్ప తగ్గదు. ఇన్సులేటర్, రేకు, రిటర్న్ పైపు, ఫిల్టర్, పైపులు సరిచేయకుండా దాని మీద డబ్బు పెట్టొద్దని నా గట్టి సలహా.

మీరు మార్చిన సామానులో కాయిల్ సంగతి ఒకటి చెప్పాలి. కాయిల్ కూడా వేడెక్కితే చచ్చుబడే వస్తువే కాబట్టి మిస్త్రీ దాన్ని అనుమానించడం తప్పు కాదు. అయితే కాయిల్ పోతే స్పార్క్ ఉండదు. పైగా తరచుగా నడుస్తున్నప్పుడే బండి ఆగిపోతుంది. ఒక ప్లగ్గు ఊడదీసి స్పార్క్ చూస్తే తేలిపోయేది. స్పార్క్ చూసేటప్పుడు ఎయిర్ క్లీనర్ మూత పెట్టి, పెట్రోలు ఆవిరి పోయాక చూడాలి. సెల్ఫ్ మోటారే వేడి మీద నీరసంగా తిరుగుతుంటే అది ఇంకో దారి. బ్యాటరీ తీగలు, ఎర్త్ తీగ బిగింపు చూడాలి. మీది చక్కగానే తిరుగుతోందని రాశారు కాబట్టి ఆ భయం లేదు.

ఇవన్నీ చేయించేదాకా నాన్నగారితో ప్రయాణం ఎలా అన్నది మీ అసలు దిగులు. చంద్రపూర్ పని పొద్దున్నే పెట్టుకోండి. తిరుగు ప్రయాణం మధ్యాహ్నం పడితే, ఆసుపత్రి దగ్గర ఎలాగూ గంటల కొద్దీ ఆగుతారు కాబట్టి బండి చల్లారే ఉంటుంది, స్టార్ట్ అవుతుంది. చిక్కంతా పదిహేను, ఇరవై నిమిషాల విరామంతోనే. మందుల షాపు, బంకు, టీ లాంటి చిన్న పనులను బయలుదేరే ముందే ముగించుకోండి. ఆగక తప్పకపోతే, ఆపే ముందు ఒక నిమిషం ఐడ్లింగ్‌లో ఉంచి, తర్వాత ఆపి, నీడలో, గాలి వచ్చే వైపు ముఖం పెట్టి, బానెట్ ఎత్తి వదిలేయండి. వేడి పైకి పోవడానికి దారి దొరికితే కార్బొరేటర్ అంతగా వేడెక్కదు. ఈ ఒక్క అలవాటుతోనే చాలా బండ్లు దారికొస్తాయి. వాంకిడి వైపు పోయేటప్పుడు బండికి వేరుగా, మనుషులకు వేరుగా నీళ్ళు పెట్టుకోండి. ఒక పాత తువ్వాలు, చిన్న మంటలార్పే సిలిండరు కూడా ఉంచుకోండి. బండి బాగుచేసుకునేటప్పుడు పెద్దాయనను లోపల కూర్చోబెట్టొద్దు, ముందు నీడలోకి పంపండి.

ముందు ఇన్సులేటర్ దిమ్మ, రిటర్న్ పైపు చూపించండి. ఆ రెండూ బాగుండి కూడా బండి మొండికేస్తే మళ్ళీ రాయండి. రాసేటప్పుడు ఆగిన ఎన్ని నిమిషాలకు కొట్టారు, పెట్రోలు వాసన ఉందా లేదా, లీవర్ కదిలిస్తే ధార చిమ్మిందా లేదా అన్న మూడు సంగతులూ తప్పకుండా రాయండి. అవి తెలిస్తే కార్బొరేటర్ విప్పాలో, పంపు మార్చాలో చెప్పగలను.